పోపులపెట్టెకూ, పొదుగుకూ: పాడి ఇంటి పెరటి మొక్కలు



మేత గురించి, దాణా గురించి, వెన్న శాతం గురించి మనం తరచు చెప్పుకుంటూనే వుంటాము. ఈసారి పశువుల కొట్టానికి పది అడుగుల దూరంలో వుండదగిన ఒక చిన్న మడిని గురించి వ్రాయదలచాము.

మేము తనిఖీకి వెళ్ళినప్పుడు సంఘం పుస్తకాలతోపాటు సభ్యుల కొట్టాలు కూడా చూస్తుంటాము. మార్కాపురం, తర్లుపాడు, కంభం, బేస్తవారిపేట, రాచర్ల, గిద్దలూరు, ఎటు వెళ్ళినా ఒక సంగతి కంటపడుతుంది. ఇంటి ప్రక్కన ఎరువుదిబ్బ నిండుగా వుంటుంది. కుడితితొట్టి దగ్గర నీరు మడుగుకట్టి దోమలు ముసురుతుంటాయి. అదే ఇంట్లో పిడికెడు కొత్తిమీరకు, రెండు రెబ్బల కరివేపాకుకు అంగడికి మనిషిని పంపుతారు. ఎరువు వున్నది, తడి వున్నది, జాగా వున్నది. మొక్క మాత్రం లేదు.

ఒక చిన్న లెక్క

కరివేపాకు, కొత్తిమీర, పుదీన, అల్లం, పచ్చిమిరప వీటన్నిటికీ కలిపి రోజుకు 10 రూపాయలే అనుకుందాము. నెలకు 300, ఏడాదికి 3,650 రూపాయలు. మీ సంఘంలో లీటరుకు 40 రూపాయలు పడుతున్నవనుకుంటే, అది 91 లీటర్ల పాల డబ్బు. మీకు పడే ధర వేసి మీరే లెక్క చూసుకోండి. పాల బిల్లులో ఈ ఖర్చు ఎక్కడా కనపడదు. అయినా బిల్లు చేతికి రాగానే పోయే డబ్బులో ఇది ఒకటి.

అయితే డబ్బు ఆదా ఒక్కటే అయితే ఇంత వ్రాయవలసిన పని లేదు. ఈ మొక్కలలో నాలుగు, పశువుకు వచ్చే ఒక పెద్ద కష్టంలో మొదటి రోజునే అక్కరకు వస్తాయి. ఆ కష్టం పొదుగువాపు.

పొదుగువాపు – పెరటిలోని మొదటి సాయం

చనుకట్టు చివరనున్న రంధ్రం గుండా సూక్ష్మజీవులు లోపలికి చేరడం వల్ల పొదుగువాపు వస్తుంది. పాలు పిండిన తరువాత సుమారు అరగంట సేపు ఆ రంధ్రం పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో పశువు పేడలో, బురదలో పడుకుంటే జబ్బు సులభంగా అంటుతుంది. పిండిన వెంటనే పచ్చిమేత వేసి పశువును నిలబడి వుండేటట్లు చేయమని చెప్పేది ఇందుకే.

జబ్బు ముదిరేదాకా చాలామంది గుర్తించరు. గుర్తించే ఉపాయం మన ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ వున్నది. మార్కాపురం పలకలకు పేరుపడిన ఊరు కదా. నల్లటి పలక ఒకటి కొట్టంలో పెట్టుకుని, ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు దాని మీద పిండి చూడండి. తెల్లటి పలుకులు, దారాలు, గడ్డలు కనపడినా, పాలు నీళ్ళవలె వున్నా జబ్బు మొదలైనదని తెలుసుకోవాలి. చూసిన పలకను ప్రతిసారీ కడగాలి. ఆ ధారలను కొట్టం నేల మీద పిండరాదు.

ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి కొన్నేళ్ళుగా పాల సంఘాల ద్వారా ఒక పెరటి వైద్యాన్ని ప్రచారం చేస్తున్నది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పుణ్యమూర్తి గారు ఇటువంటి సంప్రదాయ వైద్య పద్ధతులను క్రమంగా పరిశీలించి కొలతలతో సహా నిర్ణయించారు. ఒక పశువుకు ఒక రోజుకు కావలసినవి ఇవి:

కలబంద మట్టలు – 250 గ్రాములు
పసుపు పొడి – 50 గ్రాములు
తాంబూలంలోకి వాడే సున్నం – 15 గ్రాములు

ఈ మూడింటినీ కలిపి మెత్తగా నూరితే ఎర్రని ముద్ద అవుతుంది. పొదుగులోని పాలు పూర్తిగా పిండివేసి, పొదుగును శుభ్రంగా కడగాలి. ముద్దలో నుంచి ఒక పిడికెడు తీసుకుని 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీటిలో పలుచగా కలిపి పొదుగంతా పూయాలి. రోజుకు పది సార్ల చొప్పున 5 రోజులు ఈ పని చేయాలి. ఏ రోజు ముద్ద ఆ రోజే నూరుకోవాలి. దీనితోపాటు నిమ్మకాయలు రెండు ముక్కలు చేసి పశువుకు తినిపిస్తారు. పాలలో రక్తపు జీర కనపడితే, రెండు పిడికిళ్ళ కరివేపాకును బెల్లంతో నూరి తినిపించడం కూడా ఇందులో వున్నది. పాలు పిండే ముందు పొదుగుపై పూతను పూర్తిగా కడిగివేయాలి.

కలబంద, పసుపు, నిమ్మ, కరివేపాకు – నాలుగూ పెరటి మొక్కలే. రాత్రి ఎనిమిది గంటలకు పొదుగు గట్టిపడినట్లు కనపడితే, ఇంట్లో వున్నవారికి అప్పుడే పని మొదలవుతుంది. లేనివారికి మరునాడు అంగడి తెరిచిన తరువాతనే. పొదుగువాపులో ఆ ఒక్క రాత్రి విలువ ఏమిటో ఒక చన్ను పోగొట్టుకున్నవారికి బాగా తెలుసు.

ఇక్కడ మూడు సంగతులు స్పష్టంగా చెప్పాలి. ఒకటి, ఇది తొలి దశలో చేసే సాయం. పశువుకు జ్వరం వున్నా, మేత మానివేసినా, పొదుగు రాయివలె గట్టిపడినా, చల్లబడి రంగు మారినా క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ దొరుకుతుంది. రెండు, జబ్బు చన్ను పాలు మంచి పాలలో కలపరాదు. ఒక్క చెంబు చెడ్డ పాలు క్యాను మొత్తాన్ని విరగగొట్టగలవు. నష్టం ఒక్కరిది కాదు, సంఘానిది. మూడు, వైద్యుడు సూదిమందు వేసినా, చన్నులోకి మందు ఎక్కించినా, ఆయన చెప్పిన గడువు దాటేవరకు ఆ పాలు కేంద్రానికి పోయరాదు. మందు పాలలో దిగుతుంది. ఆ పాలు త్రాగేది ఎవరి పిల్లలో మనకు తెలియదు.

ఎంత జాగా, ఎంత నీరు

పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు వున్న ఒక మడి చాలును. అంటే 60 చదరపు అడుగులు. సెంటు భూమిలో ఏడవ వంతు. చెట్లు మాత్రం మడి బయట వుండాలి. మన ఎర్రనేలలో పైమట్టి పలుచన, అడుగున గులకరాళ్ళు. అందుచేత అడుగు లోతు త్రవ్వి రాళ్ళు ఏరివేసి, తీసిన మట్టిలో మూడవ వంతు బాగా మాగిన ఎరువు కలిపి తిరిగి నింపాలి. మడి అంచులకు పలకరాయి ముక్కలు నిలువుగా పాతితే మట్టి జారదు, నీరు బయటకు పోదు. ఈ రాయి మార్కాపురం చుట్టుప్రక్కల దొరకనిది కాదు.

పచ్చిపేడ మాత్రం వేయరాదు. పచ్చిపేడ వెంట చెదలు, వేరుపురుగు వస్తాయి. మన ప్రాంతంలో చెదల బాధ ఎంతో చెప్పనక్కరలేదు. పేడ వాసన పోయి, నల్లగా పొడిపొడిగా రాలేదాకా మాగనివ్వాలి.

నీళ్ళెక్కడివి అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వేసవిలో తాగునీటికే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళు మనవి. కాని ఈ మడికి మంచినీళ్ళు అక్కరలేదు. మండువేసవిలో కూడా రోజుకు రెండు బిందెలు, మహా అయితే మూడు పడతాయి. ప్రతి పాడి ఇంట్లోనూ అంత నీరు వృథాగా పోతున్నది. పొదుగు కడిగిన నీరు, పశువు త్రాగగా తొట్టిలో మిగిలిన నీరు, బియ్యం కడుగు మిగిలితే అది, పాల పాత్రను మొదటిసారి తొలిచిన నీరు – ఇవన్నీ మడికి పనికివస్తాయి. సోడా, సబ్బుపొడి వేసి కడిగిన నీరు మాత్రం ఆకుకూరల మొదట పోయరాదు. దానిని వేరే కాలువలోకి వదలాలి.

నీరు ఆదా చేయడానికి రెండు పద్ధతులు వున్నవి. పశువులు తినగా మిగిలిన చొప్ప, రాలిన ఆకులు మొక్కల మొదళ్ళలో మూడు నాలుగు అంగుళాల మందంగా పరచండి. ఎండ నేలను తాకదు, తడి రెండు మూడు రోజులు నిలుస్తుంది. రెండవది కుండ పద్ధతి. మెరుగు పెట్టని పాత మట్టికుండను మడి మధ్య మెడవరకు పూడ్చి, నీళ్ళు నింపి, మూత పెట్టండి. కుండ చెమ్మగిల్లుతూ చుట్టూ వున్న వేళ్ళకు కావలసినంత నీరే ఇస్తుంది.

పొదుగు కడిగిన నీరు మొదట్లోనే పోయాలి గాని ఆకుల మీద చల్లరాదు. కొత్తిమీర, పుదీన పచ్చిగానే తింటాము కనుక కోసిన తరువాత మంచి నీటిలో రెండు సార్లు కడగాలి.

ఫ్లోరైడు గురించి ఒక మాట. మన పడమటి మండలాలలో బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ అన్నది అందరికీ తెలిసిన బాధ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా వుండడం మంచిది, 1.5 దాటితే తాగరాదు. మనుషులకే కాదు, పశువుల పళ్ళకు, కీళ్ళకు కూడా దానివల్ల చేటు వున్నది. ఏ ఆకూ ఆ విషాన్ని నీటిలో నుంచి తీసివేయలేదు. మంచినీరే దానికి మందు. అయితే సున్నపు ధాతువు, సి విటమిను వున్న ఆహారం ఎక్కువగా తినమని వైద్యులు చెబుతారు. పాలు, మునగాకు, నిమ్మ, ఆకుకూరలు ఆ కోవలోవే. అన్ని పాలూ కేంద్రానికి పోసివేయక, ఇంట్లో పిల్లలకు ఒక గ్లాసు వుంచండి.

ఏ మొక్క ఎట్లా పెంచాలి

కరివేపాకు: బాగా పండిన నల్లటి కాయల గుజ్జు తీసి, వెంటనే నాటాలి. గింజ ఎండి పాతబడితే మొలవదు. పెద్దచెట్టు మొదట్లో వచ్చే పిలకలను వేరుతో సహా తెచ్చి నాటినా సరే. మొదటి ఏడాది ఆకు దూయవద్దు. మొక్క మూడడుగులు పెరిగాక తల త్రుంచితే కొమ్మలు వేస్తుంది. లేత ఆకును తినే ఆకుపచ్చ పురుగు నిమ్మ మీద వచ్చేదే. చేతితో ఏరివేస్తే చాలును, మందు కొట్టవద్దు. పులిసిన మజ్జిగలో నీళ్ళు కలిపి మొదట పోయడం మన పెద్దల అలవాటు. పాడి ఇంట్లో దానికి కొదువ లేదు.

పసుపు: కంభం చెరువు కింద, గిద్దలూరు పక్క పసుపు వేసే రైతులు మనకు కొత్త కాదు. వారి దగ్గర కిలో విత్తనపు కొమ్ములు తెచ్చుకుంటే ఇంటికి సరిపోను వస్తుంది. తొలకరిలో రెండు అంగుళాల లోతున, అడుగుకు ఒకటి చొప్పున 20 కొమ్ములు పెట్టండి. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది కనుక మడి ఎత్తుగా వుండాలి. ఏడు నుంచి తొమ్మిది నెలలకు ఆకు పండి వాలిపోతుంది, అప్పుడు త్రవ్వాలి. దుబ్బుకు 300 గ్రాములే వచ్చినా 6 కిలోల పచ్చిపసుపు. నురగ వచ్చి పసుపు వాసన వేసేదాకా, ముప్పావు గంట నుంచి గంట సేపు వుడికించి, 10, 15 రోజులు ఎండబెడితే అయిదో వంతు, అంటే కిలో పైచిలుకు ఎండు పసుపు తేలుతుంది. అయిదు రోజుల పొదుగు వైద్యానికి కావలసినది 250 గ్రాములు. మిగిలినది వంటింటికి.

ఇంటి పసుపుకు మరొక విలువ వున్నది. అంగట్లో విడిగా అమ్మే పొడిలో రంగు కోసం సీసం కలిసిన క్రోమేటు, మెటానిల్ పసుపు వంటివి కలిపే మోసగాళ్ళు వుంటారు. గ్లాసు నీళ్ళలో చెంచాడు పొడి వేసి కదపక వుంచండి. మంచి పసుపు అడుగుకు దిగి నీరు లేత పసుపుగా వుంటుంది. రంగు కలిసినదైతే నీరు చిక్కని పసుపుగా మారుతుంది. పిల్లల కూరలో పడే సీసం వారి బుద్ధికే చేటు.

పసుపు గాయాన్ని మాన్పుతుందని మన ఇళ్ళలో ఎప్పటినుంచో తెలుసు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం ఇదే గుణాన్ని కొత్తగా కనిపెట్టినట్లు పేటెంటు పొందింది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలు ముందు పెట్టి వాదించగా, 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఊరూరా వున్న తెలివిని వ్రాసిపెట్టుకుంటే ఎంత మేలో దీనివల్ల తెలుస్తున్నది.

అల్లం: సాగు పసుపు వంటిదే గాని మన ఎండను అంతగా ఓర్చుకోదు. మునగచెట్టు నీడలోనో, కొట్టం తూర్పుగోడ పక్కనో నాలుగు దుబ్బులు పెట్టి చూడండి.

కొత్తిమీర: ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. వారం పది రోజులకు మొలుస్తుంది, 35, 40 రోజులకు కోతకు వస్తుంది. ఎండలు ముదిరితే ఆకు పెరగక పూతకు పోతుంది. ఒకేసారి మడంతా చల్లక, 15 రోజులకు ఒక మూర చొప్పున చల్లుకుంటే ఎప్పుడూ కోతకు వుంటుంది. ధనియాల కోసం చేలో వేయదలచినవారికి గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం రూపొందించిన సింధు, సాధన, స్వాతి, సుధ రకాలు వున్నవి.

మెంతి: ఎవరైనా పెంచవచ్చును. చల్లిన మూడు వారాలకే కూరకు వస్తుంది.

పుదీన: వేరున్న తీగ ముక్కలు నాలుగు చాలును. ఎప్పుడూ తడి వుండాలి కనుక కుడితితొట్టి నీరు పోయేచోట, పాత తొట్టిలోనో పగిలిన కుండలోనో నాటండి. నేల మీద వదిలితే మడంతా ప్రాకుతుంది.

మిరప: ఎనిమిది మొక్కలు ఇంటికి చాలును. 40 రోజుల నారు నాటాలి. ఆకులు ముడతపడి గిడసబారిన మొక్కను పీకి దూరంగా పారవేయాలి. పశుమూత్రం ఒక వంతుకు నీళ్ళు పది వంతులు కలిపి అప్పుడప్పుడు చల్లవచ్చును. చల్లిన వారం వరకు పచ్చికాయ కోయవద్దు.

కలబంద: నీరు అడగదు, మేకలు ముట్టవు. ప్రహరీ వెంట ఎనిమిది మొక్కలు పెట్టండి. 5 రోజుల వైద్యానికి కిలోంబావు మట్టలు కావాలి కనుక ఒకటి రెండు మొక్కలతో సరిపోదు.

నిమ్మ, మునగ: ఒక్కొక్క చెట్టు. మునగను మడికి పడమటి వైపు పెడితే మధ్యాహ్నపు ఎండ మడి మీద పడదు. పెరియకుళంలో తీసిన పి.కె.ఎం.-1 రకం గింజతోనే మొలిచి ఏడాది లోపే కాపుకు వస్తుంది. మునగాకు కూరకు, మేతకు రెండింటికీ పనికివస్తుంది.

చేయరానివి

మిరియాల తీగ, ఏలకి, లవంగం మొక్కలను బండ్లమీద తెచ్చి అమ్ముతుంటారు. అవి చల్లని, తేమగల కొండప్రాంతాల పంటలు. మన వేసవికి నిలవవు. పాల డబ్బు వాటి మీద పెట్టవద్దు.

అందంగా పూస్తుందని కొట్టం దగ్గర గన్నేరు పెట్టవద్దు. కొద్ది ఆకులు తిన్నా పశువు చనిపోతుంది. ఉమ్మెత్తను, ఆముదపు గింజలను కూడా పశువుకు అందనీయరాదు.

ఉల్లి, వెల్లుల్లి వంటి ఘాటు వస్తువులు పశువుకు పెట్టవలసివస్తే పాలు పిండిన తరువాతనే పెట్టాలి. ముందు పెడితే వాసన పాలలోకి దిగుతుంది. కేంద్రంలో మూత తీయగానే తెలిసిపోతుంది.

కార్తెల వారీగా పని

రోహిణి కార్తెలో మడి త్రవ్వి ఎరువు కలపండి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో పసుపు, అల్లం, కరివేపాకు, మునగ, నిమ్మ నాటి, మిరప నారు పోయండి. పుష్యమి, ఆశ్లేష కార్తెలలో మిరప నాటండి. చిత్త, స్వాతి కార్తెలలో కొత్తిమీర, మెంతి మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాకా విడతలుగా చల్లండి. సంక్రాంతి తరువాత పసుపు త్రవ్వి, మరుసటి ఏటికి కిలో విత్తనం నీడలో దాచండి. కోళ్ళు, మేకలు పాడుచేయకుండా మొదటిరోజే చుట్టూ ముళ్ళకంప వేయడం మరువవద్దు.

సంఘాలకు మా సూచన

ఇది ఖర్చుతో కూడిన పథకం కాదు. దీనికి అప్పు అక్కరలేదు, దరఖాస్తు అక్కరలేదు. ప్రతి సంఘం తన పాలకేంద్రం ఆవరణలో ఒక వరుస కలబంద, రెండు కరివేపాకు మొక్కలు, ఒక నిమ్మచెట్టు పెంచవచ్చును. క్యాన్లు మొదటిసారి తొలిచిన నీరు వాటికి చాలును. పశువు జబ్బుపడిన సభ్యుడు రాత్రివేళ వచ్చినా నాలుగు మట్టలు కోసుకుపోగలగాలి. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు, మొక్కలు వున్నవారు పిలకలు, పసుపు కొమ్ములు, పుదీన తీగలు తెచ్చి లేనివారికి ఇచ్చుకుంటే ఒక్క ఏడాదిలో ఊరంతా పాకుతుంది. పొదుగువాపు ముద్ద కొలతలు, 1962 నంబరు కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి. చదవడం రానివారికి కార్యదర్శి ఒకసారి ముద్ద నూరి చూపించాలి.

పశువును చూసేది, మడికి నీరు పోసేది చాలా ఇళ్ళలో ఆడవారే. కనుక ఈ వ్యాసాన్ని ఇంట్లో చదివి వినిపించవలసినదిగా సభ్యులను కోరుతున్నాము. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు పుస్తకాలతోపాటు కేంద్రం ఆవరణలోని కలబంద వరుసను కూడా చూస్తాము.